భయం తీర్చే పని

“గడువు తీరింది, వెళ్ళిపోయాడమ్మా. నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు” అన్నాడు పూజారి.

ఆ మాట ఆయన చదివే పుస్తకంలో ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి అని అని నోటికి అలవాటైపోయింది. పుస్తకం మూసి, దాని చుట్టూ గుడ్డ చుట్టుకుంటూ, ఎదురుగా ఉన్నదెవరో సరిగా చూడకుండానే అనేస్తాడు. అవతలివాళ్ళు తల ఊపుతారు. ఏడుపు కాస్త నెమ్మదిస్తుంది. ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటాడు.

ఈవిడ, ఆ చనిపోయినవాడి భార్య, తల ఊపలేదు.

“ఎవరు పెట్టారయ్యా ఆ గడువు?” అని అడిగింది.

కోపంగా అడగలేదు. ఫలానా బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. శ్మశానం గేటు దగ్గర ఇంకొకరి శవాన్ని దింపుతున్నారు. కాపలావాడు తొందర పెడుతూ చెయ్యి ఊపుతున్నాడు. “పైవాడమ్మా” అని పూజారి గొణిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, అక్కణ్ణుంచి కదిలాడు.

చనిపోయినవాడు బట్టల గోదాములో హమాలీ. అందరూ పొడుగోడు అనేవాళ్ళు. మూడు రోజులకి గానీ ఆస్పత్రివాళ్ళు శవాన్ని ఇవ్వలేదు. పాడె మీద కూడా వాడి పాదాలు బయటికే ఉన్నాయి. గోదాములో బేళ్ళు మోసే లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి పడిపోయింది. ఆ సమయంలో అందులో ఎనిమిది బేళ్ళూ, పొడుగోడూ ఉన్నారు. బేళ్ళకేం కాలేదు.

ఇంటికి చేరేసరికి పూజారికి గొంతు లేదు. పొద్దున్నే ఒక దుకాణం తలుపులు తెరిచే ప్రార్థన, తర్వాత ఎవరిదో కొత్త కారుకి దీవెన, మిట్టమధ్యాహ్నం ఈ అంత్యక్రియలు. ఆ పేటలో శుభానికైనా చావుకైనా ఆయన్నే పిలుస్తారు. మూడు చోట్లా నిలబడే చదివాడు. నాలుక కింద పుండు పది రోజులుగా మానడం లేదు. భార్య అడక్కుండానే ఉప్పు వేసిన వేడినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. సగం నోట్లో పోసుకుని పుక్కిలించి, మిగతా సగం బకెట్లో పోసి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఒకే నీళ్ళతో రెండు పనులు” అంది భార్య.

“రెండు చివర్లూ ఒకేలా నొప్పి పెడుతున్నాయి మరి.”

అప్పుడే ఆమె తమ్ముడు వచ్చాడు. అతను ఆ గోదాములోనే సూపర్‌వైజరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మానికీ గోడకీ మధ్య నిలబడి, చొక్కా జేబులోని పెన్ను తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు.

“బావా, ఎల్లుండి పొద్దున నువ్వు గోదాముకి రావాలి. శాంతి ప్రార్థన.”

“ఇందాకేగా చేశాను శ్మశానంలో.”

“అది వాడికి. ఇది లిఫ్టుకి.”

పూజారి బకెట్లోంచి ఒక కాలు తీశాడు. “లిఫ్టుకి శాంతేమిట్రా?”

“హమాలీలు ఎక్కనంటున్నారు బావా. తాడు మార్పించాం, మెకానిక్కు వచ్చి చూశాడు, అయినా సరే ఒక్కడూ లోపల కాలు పెట్టడు. బేళ్ళన్నీ మెట్ల మీదుగా మోస్తున్నారు. రోజుకి పాతిక లారీలు దిగే చోట ఆరు కూడా దిగడం లేదు. పొడుగోడు లోపలినుంచి పిలుస్తున్నాడంటున్నారు.”

“ఎవరంటున్నారు?”

“ఎవరో మొదలెట్టారు.” అతను పెన్ను వంక చూసుకున్నాడు. “మేనేజరుగారు కూడా పోనీలే అదే మంచిదన్నారు. తాడు బాలేదని మొదలుపెడితే ఇన్‌స్పెక్టర్లు, కాగితాలు, బోలెడంత గోల. దయ్యమంటే ఒక్క పూజారితో పోతుంది.”

“మా ఆయన అంత తేలిగ్గా దొరికాడన్నమాట” అంది అక్క లోపల్నుంచి.

“నువ్వూరుకో అక్కా. బావ చదివింతర్వాత దీపం పట్టుకుని లిఫ్టులో నాలుగో అంతస్తుదాకా ఒక్కసారి వెళ్ళి రావాలి. అంతే. హమాలీలు అది కళ్ళారా చూడాలి.” గొంతు కాస్త తగ్గించాడు. “యజమానిగారు కూడా వస్తున్నారు బావా. మీ గుడి కమిటీకి పెద్ద ఆయనే. నేను నీకు చెప్పాలా?”

కాదనడానికి కూడా ఓపిక కావాలి. పూజారి “సరేలే” అన్నాడు.

మర్నాడు గుడి పని ముగించుకుని స్థలం చూడ్డానికి వెళ్ళాడు. దీపం ఎక్కడ పెట్టాలో, గాలి ఎటునుంచి వస్తుందో, జనం ఎక్కడ నిలబడతారో ముందుగా చూసుకోవడం ఆయనకి అలవాటు. ఒకసారి ఒక మిల్లులో చూసుకోకుండా వెళితే ఫ్యాను గాలికి దీపం మూడుసార్లు ఆరిపోయి, వాళ్ళంతా మొహాలు మొహాలు చూసుకున్నారు.

మేనేజరు మర్యాదస్తుడు. లేచి నిలబడి, కుర్చీ తుడిపించి, టీ తెప్పించాడు.

“పాతకాలంలో చూడండి” అన్నాడు. “రాజు యుద్ధానికి వెళ్ళాలన్నా, కోటకి పునాది తియ్యాలన్నా ముందు పూజారి మాటే. ఆయన ఊఁ అంటేనే సైన్యం కదిలేది. మధ్యలో ఈ చదువులొచ్చి మీ విలువ పోయిందంటారు గానీ, ఎక్కడ పోయింది? నేను ఇంజనీరింగు చదివాను. నాలుగు రోజులుగా గొంతు చించుకుంటున్నాను, ఒక్కడు వింటున్నాడా? రేపు మీరొక్క మాటంటే వింటారు.”

“యుద్ధంలో ఓడిపోతే ఆ పూజారినేం చేసేవాళ్ళో?” అని అడిగాడు పూజారి.

మేనేజరు పెద్దగా నవ్వాడు. అది హాస్యం అనుకున్నాడు.

లిఫ్టు గోదాము మధ్యలో ఉంది. జాలీ తలుపు, లోపల చెక్క పలకల నేల. కడిగేశారు. గోడకి కొత్త రంగు కూడా వేశారు, ఇంకా వాసన ఆరలేదు. దాని పక్కన ఒక పొట్టి ముసలాయన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లిఫ్టు తాత అంటారు. ఆ లిఫ్టు పెట్టిననాటి నుంచీ మీటలు నొక్కే పని ఆయనదే. ఆ రోజు పొడుగోడు బేళ్ళు సర్దుతూ ఉంటే ఈయన ఒక్క నిమిషం మంచినీళ్ళకి దిగాడు. అందువల్ల బతికాడు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ మాట్లాడడు. నాలుగు రోజులుగా స్టూలు మాత్రం అక్కణ్ణుంచి కదల్చలేదు.

“తాడు చూశారా?” అన్నాడు పూజారిని చూడగానే.

“కొత్తది వేశారటగా.”

“పైకొస్తారా? మెట్లెక్కగలరా?”

మోకాళ్ళు వద్దన్నాయి. అయినా పూజారి వెళ్ళాడు. మెట్లు ఇరుకు. ఒక మనిషి వీపు మీద బేలుతో దిగుతుంటే రెండో మనిషి గోడకి అతుక్కుపోవాలి. పూజారి మలుపు మలుపుకీ అలా అతుక్కుంటూ ఎక్కాడు. బేలు మోసేవాడి మొహం కనిపించదు, పాదాలూ మెడనరాలూ కనిపిస్తాయి. మెడ మీద గోనెపట్టా ఒరుసుకుని తోలు ఎర్రబడింది. ఒకడు ఆగి, బేలు దించకుండానే, “రేపటితో ఈ మెట్లకి సెలవా పూజారిగారూ?” అని అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు. ఆశ ఉంది. పూజారి ఏదో అనబోయాడు గానీ వెనకవాడు “నడవరా బాబూ, నా నడుము చచ్చింది” అని అరిచాడు.

మేడ మీద చిన్న రేకుల గది. మోటారు, పెద్ద చక్రం, దాని మీదుగా దిగే రెండు ఇనుప తాళ్ళు. ఒకటి తళతళలాడుతోంది. రెండోదానికి ఒళ్ళంతా గ్రీజు దట్టించారు.

“రెండు తాళ్ళ మీద నడుస్తుందిది” అన్నాడు లిఫ్టు తాత. “ఒకటి తెగింది. బరువంతా దీని మీద పడేసరికి బ్రేకు నిలవలేక జారింది. తెగినదాన్ని మార్చారు. తెగబోయేదాన్ని వదిలేశారు. మీ భుజం మీది తువ్వాలు ఒకసారి ఇవ్వండి.”

పూజారి ఇచ్చాడు. ముసలాయన దాన్ని గ్రీజు తాడు చుట్టూ వదులుగా పట్టుకుని కిందికి లాగాడు. జానెడు దూరం వెళ్ళి ఆగిపోయింది. విడదీసి మళ్ళీ లాగాడు. మళ్ళీ పట్టుకుంది.

“గ్రీజులో కంటికి కనపడదు. గుడ్డకి దొరుకుతుంది. తెగిన ప్రతి పోగూ ముల్లులా పైకి లేస్తుంది. లెక్కపెట్టుకోండి.”

ఆయన చెయ్యంత పొడవులో గుడ్డ పదకొండుసార్లు చిక్కుకుంది. చూస్తూ చూస్తూ పూజారి వేలు పెట్టాడు. చుర్రుమంది. నల్లటి గ్రీజులోంచి రక్తం చుక్క బయటికి వచ్చింది.

“చెప్పలేదా వాళ్ళకి?”

“మూడుసార్లు చెప్పాను. నువ్వు మీటలు నొక్కేవాడివి, నీకేం తెలుసన్నారు. మీరు చెప్తే వింటారు. మీ నోట్లో దేవుడుంటాడు కదా.”

“నా నోట్లో దేవుడు లేడు తాతా. పుండుంది” అన్నాడు పూజారి.

ముసలాయన నవ్వలేదు. తువ్వాలు మడత పెట్టి, గ్రీజు మరక లోపలికి పోయేలా సర్ది, తిరిగి చేతికిచ్చాడు.

పూజారి కిందికి దిగి మళ్ళీ మేనేజరు గదికి వెళ్ళాడు. ఈసారి టీ రాలేదు. చెప్పింది విని మేనేజరు కాసేపు టేబులు మీది కాగితాలు సర్దాడు.

“మెకానిక్కు సంతకం పెట్టాడండి. రెండో తాడు ఇంకో ఏడాది ఆగుతుందన్నాడు. ఆ తాడు ఇక్కడ దొరకదు, తెప్పించాలి. అందాకా లిఫ్టు ఆపుకుని కూర్చోమంటారా? మీ పని మీరు చూడండి పూజారిగారూ. తాడు పని మెకానిక్కు చూసుకుంటాడు. మీ ఒక్కరి బరువెంత? నిక్షేపంలా వెళ్ళొస్తారు.”

బయటికొస్తుంటే బావమరిది ఎదురయ్యాడు. పూజారి చేతిలో మరకల తువ్వాలు చూశాడు. కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు.

“నీకు తెలుసా?” అన్నాడు పూజారి.

“నాకు తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోతే నాకీ ఉద్యోగం ఉంటుందా బావా?”

ఆ సాయంత్రం తువ్వాలుకి ఎంత సబ్బు రాసినా నలుపు వదల్లేదు. భార్య దాన్ని రాతి మీద వేసి బాదుతూ ఉంటే పూజారి పక్కన చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె వింటూనే బాదింది.

“మీరొక్కరే ఎక్కి దిగితే ఏమవుతుంది?”

“ఏమీ కాదు. ఒక మనిషి, ఒక దీపం. నన్ను మోస్తుంది ఆ తాడు.”

“మరి?”

“నేను దిగాక ఎనిమిది బేళ్ళు ఎక్కుతాయి.”

ఆమె బాదడం ఆపింది. తువ్వాలు పిండి, దులిపి, తీగ మీద వేసింది. తడి చేతులు నడుముకి ఆనించుకుని నిలబడింది.

“వాడు నా తమ్ముడండీ” అంది. “నన్ను మాత్రం అడక్కండి. ఎక్కమనీ చెప్పను, వద్దనీ చెప్పను.”

“నిన్నడగడం లేదు.”

“అడుగుతూనే ఉన్నారు ఇందాకట్నుంచి” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ చెంబు పట్టుకునే కూర్చున్నాడు. ఎన్ని బళ్ళకి దీవెన ఇచ్చాడో గుర్తు చేసుకోబోయాడు. వాటిలో ఒక్కదానికైనా బ్రేకులు చూశాడా? ఎవరూ చూడమనలేదు. మనుషులు ఆయన దగ్గరికి భయం పట్టుకొస్తారు. ఆయన చదువుతాడు. వాళ్ళు తేలికపడి వెళ్ళిపోతారు. ఆ భయం ఎందుకొచ్చిందని ఎప్పుడూ అడగలేదు. అడిగేంత తీరికా లేదు, బయట ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు.

ప్రార్థన రోజున గోదాము ఊడ్చి నీళ్ళు చల్లారు. బేళ్ళన్నీ ఒక పక్కకి పేర్చి మధ్యలో చోటు చేశారు. హమాలీలు అరవై మందిదాకా గోడలవారగా నిలబడ్డారు. ముందు వరసలో నాలుగు కుర్చీలు. ఒకదాంట్లో యజమాని, ఒకదాంట్లో మేనేజరు. మూడోదాంట్లో పొడుగోడి భార్య. ఆమెని కారు పంపి తీసుకొచ్చారు. ఆ కుర్చీ అంచున, లేవమంటే లేవడానికి సిద్ధంగా కూర్చుంది. నాలుగోది ఖాళీ. బావమరిది దాని వెనక నిలబడ్డాడు గానీ కూర్చోలేదు.

పూజారి దీపం వెలిగించాడు. పుస్తకం తెరిచాక, చదవడానికి ముందు, ఆమె దగ్గరికి వెళ్ళి వంగి, “మీ ఆయన అసలు పేరేమిటమ్మా?” అని అడిగాడు. శ్మశానంలో హడావిడిలో అడగనేలేదు. ఆమె చెప్పింది. ఆ పేరుతో చదవడం మొదలుపెట్టగానే హమాలీల్లో చిన్న కదలిక వచ్చింది. పదేళ్ళు వాడితో కలిసి మోసినవాళ్ళలో చాలామందికి ఆ పేరు కొత్త.

గొంతు పైకి రావడం లేదు. అక్కడక్కడా ఆగి ఉమ్మి మింగి మళ్ళీ అందుకున్నాడు. చదవాల్సింది ఒక్క పాదం వదలకుండా చదివాడు. చివర్న పువ్వులు చల్లాడు. లిఫ్టు తాత జాలీ తలుపు జరిపాడు. అది కీచుమంటూ తెరుచుకుంది.

“దయచేయండి” అన్నాడు మేనేజరు.

పూజారి దీపం చేత్తో పట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. చెక్క పలకల దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. మాట గుసగుసలాగే వచ్చింది. వెనక వరసవాళ్ళు వినబడక ముందుకు జరిగారు.

“చనిపోయినవాడికి చెయ్యాల్సిన ప్రార్థన చేశాను. అది పూర్తయింది. వాడు ఇందులో లేడు. ఎవరినీ పిలవడం లేదు. ఇందులో దయ్యం లేదు.”

మేనేజరు తల ఊపాడు.

“నేను దీంట్లో ఎక్కను” అన్నాడు పూజారి.

ఎవరో దగ్గారు.

“నా ప్రాణానికి భయపడి కాదు. నేను బక్కవాణ్ణి, నన్నిది మోస్తుంది. కానీ నేనెక్కితే మీరూ ఎక్కుతారు. పైన రెండు తాళ్ళలో ఒకటి పాతది. పోగులు తెగి ఉంది. నా వేలికి గుచ్చుకుంది. నాకు తాళ్ళ సంగతి తెలియదు, ఈ తాతకి తెలుసు. భయం తీర్చడం నా పని. ఇన్నాళ్ళూ అదే చేశాను. ఈ భయం మాత్రం తీర్చను. దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి.”

అని, కుర్చీ వైపు చూశాడు.

“అమ్మా, మొన్న నీతో గడువు తీరిందన్నాను. చూడకుండా అన్న మాట అది. తాడు తెగింది. అంతే.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యజమాని జేబులోంచి ఫోను తీసి, దాంట్లో ఏమీ రాకపోయినా కాసేపు చూసి, లేచి వెళ్ళిపోయాడు. “పూజారిగారికి ఒంట్లో బాలేదు, ఎండదెబ్బ” అంటున్నాడు మేనేజరు నలుగురికీ వినబడేలా. అది నీడపట్టు గోదాము, ఉదయం తొమ్మిది గంటలు. బావమరిది నేల చూపులు చూస్తున్నాడు.

అందరికంటే ముందు కదిలినవాడు ముందురోజు మెట్ల మీద ఆగి అడిగిన హమాలీ. వంగి బేలు వీపుకెత్తుకున్నాడు. పూజారి పక్కనుంచి పోతూ, “బాగానే చెప్పారు. మీకేం, చెప్పేసి ఇంటికెళ్తారు. మాకింకా ఎన్నాళ్ళో ఈ మెట్లు” అన్నాడు. లిఫ్టు వైపు చూడకుండా మెట్లకేసి నడిచాడు. వాడి వెనక ఇంకొకడు. తర్వాత అందరూ.

పొడుగోడి భార్య ఇంకా కుర్చీ దగ్గరే ఉంది. లిఫ్టు తాత దగ్గరికి వచ్చి, “ఆ తాడు నేను చూడాలి” అంది.

“నాలుగంతస్తులమ్మా.”

“ఎక్కుతాను.”

ఆ ఇద్దరూ బేళ్ళ వరసలో కలిసి మెట్లెక్కడం పూజారి చూశాడు. చేతిలో దీపం ఇంకా వెలుగుతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడి, చివరికి పువ్వుతో ఒత్తి నొక్కి ఆర్పేసి, సంచిలో పెట్టుకున్నాడు.

బావమరిది ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు గానీ లోపలికి రాలేదు. వీధి తలుపు దగ్గరే అక్కతో మాట్లాడాడు.

“గుడి తాళంచెవి పంపమన్నారని బావతో చెప్పు. రేపటినుంచి పొద్దుటి పని ఇంకొకాయన చూస్తాడట.”

“నీ సంగతేంటిరా?”

“నన్ను లెక్కల గదికి మార్చారు. పోనీలే, అరుపులుండవు.” ఆగాడు. “బావ మీద కోపంగా ఉందని చెప్పక్కా.”

“నువ్వే చెప్పు, లోపలే ఉన్నాడు.”

“అంత కోపం లేదులే” అని వెళ్ళిపోయాడు.

పూజారి తాళంచెవి తీసి భార్య చేతికిచ్చాడు. రెండు రోజులు ఎవరూ పిలవలేదు. నోరు మెదపాల్సిన పని లేకపోవడంతో నాలుక కింద పుండు దానంతటదే మానింది. తెల్లవారుజామునే అలవాటుకొద్దీ మెలకువ వచ్చేది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి, అలాగే పడుకుని, కప్పు వంక చూసేవాడు. ఇంతకాలం కోరుకున్న విశ్రాంతి ఇదేనా అనిపించేది. వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా మోగేవి.

మూడో రోజు మధ్యాహ్నం, పొద్దుటి పని తీసుకున్న ఆ ఇంకొకాయనే వచ్చాడు. వయసులో చిన్నవాడు. ఎక్కడికి వెళ్ళినా సొంత మైకూ స్పీకరూ పట్టుకెళ్తాడు కాబట్టి మైకు పూజారి అనే పేరు పడింది. గొంతు నిజంగానే బాగుంటుంది. గుమ్మంలో ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడ్డాడు.

“అన్నగారూ, మీ పొట్ట కొట్టానని అనుకుంటున్నారేమో...”

“లోపలికి రా. మంచినీళ్ళు తాగు.”

గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేశాడు.

“నిన్న నన్ను గోదాముకి పిలిచారు” అన్నాడు. “మీ మాట చెల్లకుండా చెయ్యాలని. గంటన్నర చదివాను అన్నగారూ, నాలుగంతస్తులూ మోగిపోయింది. అయ్యాక హమాలీలంతా చేతులు కట్టుకుని నిలబడి, ‘ఎక్కండి’ అన్నారు. ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. సరే ఎక్కుదామనే కాలు లేపాను. ఆ స్టూలు ముసలాయన దగ్గరికొచ్చి, మీ తువ్వాలు ఒకసారి ఇస్తారా, పైకొస్తారా అన్నాడు.”

“వెళ్ళావా?”

“వెళ్ళాను. చూశాను. కిందికొచ్చాను.” మైకు పూజారి గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. “నేను మీలా చెప్పలేదు. నాకంత ధైర్యం లేదు. నడుము పట్టేసిందని చెప్పి, ఇద్దరి చేత పట్టించుకుని బయటికొచ్చాను. మైకు కూడా అక్కడే మర్చిపోయాను.”

వంటింట్లోంచి నవ్వు వినబడింది. ఆపుకోబోయి ఆపుకోలేని నవ్వు. పూజారి కూడా చాలా రోజుల తర్వాత నవ్వాడు. మైకు పూజారి ముందు నొచ్చుకుని, తర్వాత తనూ నవ్వేశాడు.

“మనవాళ్ళలో ఇంకొకాయన్ని అడిగారట” అన్నాడు వెళ్ళబోతూ. “ఆయనకి జ్వరమట. ఇంకొకాయన పెళ్ళికి పోయాడట. మీ సంగతి అందరికీ తెలిసిపోయింది అన్నగారూ. ఊళ్ళో పూజారులందరికీ ఒక్కసారే ఒంట్లో బాగుండటం లేదు.”

ఆ తర్వాతి వారం గోదాము ముందు ఒక లారీ ఆగింది. దాంట్లోంచి ఇనుప తాడు చుట్ట ఒకటి దింపారు. పూజారి చూడలేదు. బావమరిది వచ్చి చెప్పాడు, ఈసారి లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని. ఇద్దరు మెకానిక్కులు రెండు రోజులు పని చేశారు. లిఫ్టు తాత పాత తాడుని గుడ్డతో తుడిచి, ఏ పోగు ఎక్కడ తెగిందో సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించాడు. ఇన్‌స్పెక్టరుని పిలిచింది పొడుగోడి భార్య. అర్జీ ఎవరు రాసిచ్చారో బావమరిది చెప్పలేదు. లెక్కల గదిలో కాగితాలకీ పెన్నులకీ కొదవ లేదని మాత్రం అన్నాడు.

హమాలీలు లిఫ్టు ఎక్కుతున్నారు. పూజ ఏమీ చెయ్యలేదు. లిఫ్టు తాత స్టూలు లోపల వేసుకుని మొదటిసారి తనే వెళ్ళి వచ్చాడు.

గుడి విషయంలో కమిటీ ఏమీ తేల్చలేదు. పొద్దుటి పని మైకు పూజారిదే. సాయంత్రం దీపం పెట్టడానికి ఈయన్ని రమ్మన్నారు. దుకాణాలవాళ్ళు, కార్లవాళ్ళు మునుపటిలా పిలవడం లేదు. ఏ గుమ్మం ముందు ఏం అంటాడోనని జంకు కాబోలు. భార్య పొద్దున్నే పక్కవీధిలో ఇద్దరు పిల్లలకి చదువు చెప్పడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం ఉదయం లిఫ్టు తాత ఇంటికొచ్చాడు. వెంట ఒకావిడ ఉంది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలం రంగు పట్టి ఉన్నాయి. గోదాము వెనక నూలుకి రంగులద్దే షెడ్డులో పనిచేస్తుందని లిఫ్టు తాత చెప్పాడు. ఆమె గోడవారగా నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చెప్పింది. వాళ్ళ షెడ్డులో బాయిలరు ఉంది. వారం రోజులుగా అది చేసే చప్పుడు మారింది. పదిహేను మంది ఆడవాళ్ళు దాని పక్కనే నిలబడి పని చేస్తారు. అడిగితే, ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలే అంటున్నారు.

“నాకేం తెలుసమ్మా బాయిలర్ల సంగతి?” అన్నాడు పూజారి. “ప్రార్థన చెయ్యమంటే చేస్తాను. అంతకుమించి నాకు రాదు.”

“ప్రార్థన వద్దయ్యా” అంది ఆమె. “మీరొచ్చి గుమ్మం దగ్గర నిలబడండి చాలు. లోపలికి వస్తారో రారో అందరూ చూస్తారు. మిగతాది మేం చూసుకుంటాం.”

పూజారి లిఫ్టు తాత వంక చూశాడు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

పూజారి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క కాలి మీదా బరువు వేసి చూసుకుంటూ నెమ్మదిగా లేచాడు.

“నడిచి వెళ్ళే దూరమేనా?” అని అడిగాడు.